అడ్డుపాటకు జవాబు

సోమవారం పొద్దున కామాగారు ప్రెస్సుకు వచ్చి, చేతిసంచి కుర్చీ వీపుకు తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేసరికి బల్ల మీద కొత్త ప్రూఫుల కట్ట ఉంది. అరవై నాలుగు పేజీలు. పైన యజమాని రాసిన చీటీ: ‘అర్జెంటు. శనివారానికి పుస్తకం చేతికివ్వాలి.’

ఆమెకు ఆ పేరు ప్రెస్సువాళ్ళు పెట్టిందే. పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతూ, ఇంకెవరి కంటికీ ఆనని కామాను కూడా వదలకుండా పట్టుకుంటుంది గనక మొదట వెనకాల అనేవాళ్ళు. తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు యజమాని కూడా ఫోనులో రచయితలతో “మా కామాగారు చూస్తారు లెండి” అనే అంటాడు.

స్టీలు స్కేలు మొదటి పంక్తి కింద పెట్టి, ఎర్రకలం మూత తీసింది. ‘అడ్డుపాటకు జవాబు’. దాని కింద చిన్న అక్షరాలతో ‘బ్రిడ్జి ఆటలో ప్రత్యర్థులు మధ్యలో దూరితే ఏం చెయ్యాలి?’ ఇంకా కింద రచయిత పేరు. క్లబ్బులో ఆమెతో నాలుగేళ్ళు జోడీగా ఆడిన వకీలుగారి పేరు, డిగ్రీలతో సహా.

స్కేలు అక్కడే ఆగిపోయింది.

‘అడ్డుపాట’ అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు. అది ఆమె సొంతంగా కట్టుకున్న మాట. బ్రిడ్జి పేకాటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. ముక్కలు వేయడానికి ముందు వేలంపాట నడుస్తుంది. తన చేతిలో ఏముందో ఎదుటి జోడీదారుకు ఆ పాటలోనే చెప్పుకోవాలి. సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు, కనుబొమ ఎగరెయ్యకూడదు. ఉన్నవల్లా పదిహేను మాటలు. ఆ పదిహేనింటితో ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే పక్కవాడు ఊరుకోడు, మధ్యలో దూరి తన పాట పాడతాడు. అదే అడ్డుపాట. వకీలుగారు సరిగ్గా అక్కడే తికమకపడిపోయేవారు. కోర్టులో ఎవరు అడ్డుపడినా నోరు మూయించే మనిషి, పేకముక్కల ముందు ఒక్క అడ్డుపాట పడేసరికి చెమటలు పట్టి ఏదో ఒకటి అనేసేవారు. ఆయన కోసం ఆమె ఒక్కొక్క సందర్భానికీ ఒక్కొక్క జవాబు ఆలోచించి, ఇంట్లో భోజనాల బల్ల మీద నాలుగు చేతులూ తానే పంచుకుని, ఆడి చూసుకుని, పనికిరానివి కొట్టేసి, పొడుగు నోటుపుస్తకంలో రాసిపెట్టి ఆయనకిచ్చింది.

ఆ పుస్తకమే ఇది. పదిహేడో పేజీలో ఉన్న చెయ్యి ఆమెకు జ్వరం వచ్చిన వారం పంచుకున్నది. ఇరవై రెండో పేజీలో ‘తొందరపడవద్దు, ముందు ఎదుటివాడి మాట పూర్తిగా వినండి’ అన్న వాక్యం కామా దగ్గర్నుంచి ఆమెదే. ముక్కల పట్టికలు టైపు చేయించే ఓపిక లేక నోటుపుస్తకాన్ని జిరాక్సు తీసి అలాగే అంటించేశారు. ఆ పట్టికల్లో ఇస్పేటు గుర్తుకు ఆమె పెట్టే వంకర తోక కూడా అలాగే ఉంది.

ముందుమాట చివర్లో ఒక పంక్తి: ‘చక్కని దస్తూరితో నోట్సు శుభ్రంగా రాసిపెట్టిన సోదరికి ధన్యవాదాలు.’

యజమాని అటుగా పోతూ భుజం మీదుగా తొంగిచూశాడు. “ఈ పట్టికల్లో రాత అచ్చం మీ రాతలా ఉందే!”

“నాదేనండీ.”

“అయితే ముందుమాటలో సోదరి మీరేనన్నమాట! చెప్పరేం మరి? పుస్తకంలోకి ఎక్కేశారు!” అని మనస్ఫూర్తిగా సంతోషపడి వెళ్ళిపోయాడు.

ఆయన సంతోషానికే ఆమెకు ఎక్కువ మండింది.

సాయంత్రం తిన్నగా వకీలుగారి ఆఫీసుకు వెళ్ళింది. మెట్లెక్కుతూ ఏమేం అనాలో వరసగా అనుకుంది. లోపల ఎర్రట్టల చట్టం పుస్తకాల వరసల ముందు ఆయన ఏదో దస్తావేజు చదువుకుంటున్నారు. చూడగానే ముఖం విప్పారింది.

“రామ్మా, రా! ప్రూఫులు మీ ప్రెస్సుకే పంపాను. నీ చేతిలో పడ్డాక నాకింక దిగులేముంది?”

“చూశానండీ. అందుకే వచ్చాను. అది నా...”

“అట్ట చూశావా? నీలం వద్దు మొర్రో అన్నాను, వింటేనా!”

“అట్ట సంగతి కాదండీ. లోపలున్నది నా నోటుపుస్తకం.”

“నోటుపుస్తకం నీదే. కాదన్నదెవరు? అందుకేగా ముందుమాటలో రాశాను.”

“దస్తూరి బాగుందని రాశారు.”

“బాగుంది కనకే రాశాను” అని నవ్వారు. “చూడమ్మా, ముప్ఫై ఏళ్ళు కోర్టులో వాదించాను. వాదన నాది, టైపు కొట్టింది గుమాస్తా. తీర్పులో గుమాస్తా పేరు ఎక్కడైనా వేస్తారా?”

“నేను మీ గుమాస్తాను కాదండీ. మీ జోడీని. ఆ జవాబులన్నీ నేను...”

“అసలు నేను తికమకపడకపోతే నీకు ఆ ఆలోచన వచ్చేదా? చెప్పు. మూలం ఎవరు మరి?”

ఇలాంటి న్యాయం ఒకటుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆమె ఊరుకోవడం చూసి ఒప్పుకుందనుకున్నారు కాబోలు, ఆయన గొంతు తగ్గించి ఆప్యాయంగా అన్నారు: “ఇంకో మాట. నొచ్చుకోకు. ప్రెస్సులో తప్పులు దిద్దే ఆవిడ రాసిందంటే ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు? నా పేరుంటే నాలుగు క్లబ్బుల్లో చదువుతారు. నీ జవాబులు నలుగురికీ చేరాయా లేదా? అది చూసుకోవాలి గాని. ఆదివారం పోటీకి బిల్డరుగారితో ఆడుతున్నానని కూడా నువ్వు ఏదో మనసులో పెట్టుకున్నట్టున్నావు. క్లబ్బు హాలు మొత్తం బాగుచేయించాడాయన. ఒక్కసారి కాదంటే బాగుంటుందా?”

మెట్లు దిగుతుంటే ఆమెకు జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కొక్క మెట్టుకూ ఒకటి. వీధిలోకి వచ్చేసరికి పదమూడు ఉన్నాయి. వినేవాళ్ళే లేరు.

ఇంటికి వచ్చేసరికి వదిన డ్యూటీ దిగి వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. భర్తకు అక్క. సిటీ బస్సులో కండక్టరు. పక్క వాటాలోనే ఉంటుంది. రోజంతా అరిచి అరిచి ఇంట్లో కూడా బస్సు వెనక సీటుకు వినపడేలాగే మాట్లాడుతుంది.

జరిగింది చెబితే వదిన ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

“పుస్తకం మీద ఎవరి పేరుంది?”

“ఆయనదే.”

“నీ పేరు?”

“సోదరి అనుంది.”

“ఎప్పట్నించే నువ్వాయనకు సోదరివి? మా తమ్ముడికి ఇంత పెద్ద బావమరిది ఉన్నాడని మాకెవరూ చెప్పలేదే!” బూటు ధన్‌మని కింద పడింది. “టిక్కెట్టు తీసుకోకుండా ఎక్కడమే కాకుండా, సీటు నాదేనని కూర్చునే రకం. ఇలాంటివాళ్ళను నేను రోజుకు పదిమందిని దింపుతాను.”

“దింపడానికి నా చేతిలో ఏముంది వదినా?”

“ఆదివారం పోటీలో నువ్వు ఆడుతున్నావా లేదా?”

“జోడీ లేదుగా.”

“నేను లేనూ?”

కామాగారికి అంత బాధలోనూ నవ్వు వచ్చింది. “నీకు బ్రిడ్జి ఎంతొచ్చని?”

“డిపో విశ్రాంతి గదిలో ముగ్గురు డ్రైవర్లు నాతో ఆడటం మానేసేంత వచ్చు. నేర్పింది నువ్వే. నీ పద్ధతులూ నీ పట్టికలూ నా బుర్రకెక్కవు. ఇస్పేట్లుంటే ఇస్పేట్లంటాను, ఆటీన్లుంటే ఆటీన్లంటాను, ఏమీ లేకపోతే పాస్ అని ఊరుకుంటాను. చాలదా?”

“చాలదు” అంది కామాగారు నిజాయితీగా. “అయినా ఆడదాం.”

మంగళవారం మళ్ళీ స్కేలూ ఎర్రకలమూ తీసింది. తన వాక్యాలనే ఎవరివో అన్నట్టు ఒక్కొక్క అక్షరమే చదువుకుంటూ పోయింది. ముప్ఫై ఏడో పేజీలో ఒకచోట ‘పాస్ చెయ్యాలి’ అని ఉండవలసింది ‘పాస్ చెయ్యరాదు’ అని పడింది. దాన్ని అలాగే వదిలేస్తే ఆ పద్ధతి నమ్ముకుని ఆడినవాడు నట్టేట మునుగుతాడు. ఆడినవాళ్ళు తిట్టేది అట్ట మీద పేరున్నవాణ్ణే. కలం ఆ పంక్తి మీద చాలాసేపు నిలబడింది. అవతల గదిలో అచ్చు యంత్రం దడదడమంటోంది. ఎవరో కాగితాల బేళ్ళు దింపుతున్నారు.

‘రాదు’ కొట్టేసి దీర్ఘమూ ‘లి’ గుర్తూ పెట్టింది. పెట్టాక తన మీద తనకే కోపం వచ్చింది. పెట్టకపోతే ఇంకా ఎక్కువ వచ్చేదని తెలుసు.

కాని మొదటి పేజీకి తిరిగి వచ్చి, రచయిత పేరు కింద గీత గీసి, అంచున ప్రశ్నార్థకం పెట్టి రాసింది: ‘రచయితా? సరిచూడగలరు.’ అనుమానం ఉన్నచోట అలా అడగడం ప్రూఫులు దిద్దేవాళ్ళ హక్కు. తేదీలు తప్పినా, ఊరి పేర్లు తప్పినా అలాగే అడుగుతారు. పంతొమ్మిదేళ్ళలో రచయిత పేరు పక్కన మాత్రం ఎన్నడూ పెట్టలేదు.

బుధవారం ప్రూఫులు తిరిగివచ్చాయి. ఆ ప్రశ్నను వకీలుగారు నీలిసిరాతో అడ్డంగా కొట్టేసి, ‘సరిగానే ఉంది’ అని పొట్టి సంతకం చేశారు. ‘చెయ్యాలి’ దిద్దుబాటు పక్కన ‘భేష్!’ అని రాశారు.

యజమాని ఆమెను గదిలోకి పిలిచాడు. “ఏమిటండీ కామాగారూ ఇది? ప్రశ్న విషయం మీద వేస్తారు గాని మనిషి మీద వేస్తారా? ఆయన నొచ్చుకున్నారు.”

“విషయం అదేనండీ.”

“మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకు తెలియదు. ప్రెస్సును అందులోకి లాగకండి.” ఆయన చెడ్డవాడేం కాదు. నాలుగు మాటలు ఎక్కువ వింటే తానేదో ఒక పక్కన నిలబడాల్సి వస్తుందని భయపడ్డాడు, అంతే. ఆమె తల ఊపి బయటికి వచ్చి, తర్వాతి పుస్తకం తీసుకుంది. అది పశువైద్యం మీద. అరపేజీ చదివాక ఒక్క ముక్కా తలకెక్కలేదని గ్రహించి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

ఆదివారం క్లబ్బు హాలు కొత్త సున్నం వాసన వేస్తోంది. పద్నాలుగు జోడీలు, ఏడు బల్లలు, ఆకుపచ్చ గుడ్డలు. తలుపు పక్కన చిన్న మేజా మీద ‘అడ్డుపాటకు జవాబు’ ప్రతులు దొంతరగా పేర్చి ఉన్నాయి. నీలం అట్టే. వచ్చినవాళ్ళు ఒకటి తీసుకుని వకీలుగారి చేత సంతకం పెట్టించుకుంటున్నారు. వదిన దొంతర పక్కన ఆగి, ఒక ప్రతి తీసి, అట్ట మీద పేరును గట్టిగా చదివి, మళ్ళీ అక్కడే పెట్టింది.

“వదినా, పద” అని కామాగారు మోచెయ్యి పట్టుకు లాగింది.

పోటీకి రెఫరీ రిటైరైన హెడ్మాస్టరుగారు. మెడలో ఈల వేసుకుంటారు గాని ఊదగా ఎవరూ వినలేదు. ఎవరైనా చెయ్యెత్తితే నిదానంగా నడిచి వస్తారు. వచ్చి జరిగింది మొదట్నుంచీ చెప్పమంటారు. చెబుతుంటే మధ్యలో ఎవరైనా మాట్లాడితే పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తారు.

మొదటి ఆటల్లో వదిన బాగానే లాక్కొచ్చింది. ఉన్నది ఉన్నట్టు పాడింది. రెండుసార్లు ఆశపడి ఎక్కువ పాడి మునిగారు. ఒకసారి ఎదుటివాళ్ళు వీళ్ళను తక్కువ అంచనా వేసి మునిగారు. వదినకు సరదా పుట్టింది. “మా రూటు కంటే ఇదే నయం, చిల్లర గొడవ లేదు” అంది.

చివరి వరసలో వాళ్ళు వకీలుగారి బల్ల దగ్గరికి వచ్చారు. ఆయనకు ఎదురుగా బిల్డరుగారు. చేతికి పెద్ద వాచీ, ముఖంలో పరీక్ష హాల్లో కూర్చున్నవాడి కంగారు. వకీలుగారికి ఎడమ పక్కన వదిన, కుడి పక్కన కామాగారు కూర్చున్నారు.

“మా పాత జోడీ!” అని వకీలుగారు చుట్టుపక్కల బల్లలకు వినపడేట్టు అన్నారు. “బిల్డరుగారూ, జాగ్రత్త. మన పుస్తకం ప్రూఫులు చూసింది ఈవిడే.”

“నేను నిన్నట్నించీ రెండుసార్లు చదివానండీ” అన్నారు బిల్డరుగారు వినయంగా.

ముక్కలు తీసుకున్నారు. వకీలుగారు మంచి చెయ్యి పడ్డవాడిలా కుర్చీలో వెనక్కి వాలి “ఒక నో ట్రంపు” అన్నారు. తురుఫు లేకుండా ఆడతానని, చెయ్యి బలంగా ఉందని అర్థం.

“రెండు ఆటీన్లు” అంది వదిన, వెనక సీటుకు వినపడేట్టు. అడ్డుపాట.

బిల్డరుగారు పెదవులు కదుపుతూ ఏదో గుర్తు చేసుకున్నారు. నుదురు తుడుచుకున్నారు. “రెండు నో ట్రంపు” అన్నారు.

కామాగారికి ఆ చెయ్యి కళ్ళకు కట్టింది. పదిహేడో పేజీ. ఆ పాటకు నో ట్రంపు ఆడతానని అర్థమే కాదు. ‘నా చెయ్యి బలహీనం, కాని పొడుగు రంగు ఒకటుంది, మీరు మూడు కళావర్లు అనండి, మిగతాది నేను చూసుకుంటాను’ అని అర్థం. జ్వరంతో వణుకుతూ ఆమె కనిపెట్టిన జవాబు. బిల్డరుగారు అప్పజెప్పినట్టు తప్పు లేకుండా పాడారు.

ఒక పాటకు అర్థమేమిటని ఎదుటి జోడీ అడిగితే, పాడినవాడు కాక అతని జోడీదారు చెప్పాలి. అది ఆట నియమం. ఆమె వకీలుగారి వైపు తిరిగి అడిగింది: “ఆ రెండు నో ట్రంపుకు మీ మధ్య అర్థమేమిటండీ?”

వకీలుగారు చేతిలో ముక్కలు ఒకసారి సర్దుకున్నారు. నుదుటి మీద ఆ పాత చెమట. ఆయన కళ్ళు ఎదురుగా ఉన్న బిల్డరుగారి మీదికి పోయి, అక్కడ ఏమీ దొరక్క, కుడి పక్కకు తిరిగాయి. ప్రతి ఆట ముగిశాక అడిగినట్టే, అలవాటుగా, ఏ కల్మషమూ లేకుండా అడిగారు:

“ఇక్కడ మనం ఏం రాసుకున్నామమ్మా?”

పక్క బల్ల మీద ముక్క వేయబోతున్న చెయ్యి గాల్లోనే ఆగింది. అవతలి బల్లవాళ్ళు తలలు తిప్పారు.

జవాబు ఆమె నాలుక చివరికి వచ్చేసింది. నాలుగేళ్ళుగా అడగ్గానే చెప్పడం అలవాటు. ‘మూడు కళావర్లు’, అంతే. రెండు మాటలు. ఆయన ముఖం చూస్తుంటే, మునిగిపోతున్నవాడికి చెయ్యి అందించనట్టు ఒళ్ళంతా ఇబ్బందిగా అనిపించింది. ఆమె పెదవులు బిగబట్టి, తన చేతిలోని ముక్కల వైపు చూస్తూ కూర్చుంది.

వదిన చెయ్యెత్తింది. “రెఫరీ!”

హెడ్మాస్టరుగారు నిదానంగా వచ్చి నిలబడ్డారు. “ఏం జరిగింది? మొదట్నించీ చెప్పండి.”

“ఆయన ఒక నో ట్రంపన్నారు. నేను రెండు ఆటీన్లన్నాను. బిల్డరుగారు రెండు నో ట్రంపన్నారు. దానికి అర్థమేమిటని మా మరదలు అడిగింది. ఆయన చెప్పకపోగా, ఇక్కడ మనం ఏం రాసుకున్నామని తిరిగి మా మరదల్నే అడుగుతున్నారు.”

“అలా అన్నారా?” అని హెడ్మాస్టరుగారు వకీలుగారిని అడిగారు.

“ఏదో... మాటవరసకు. ఒక్క క్షణం పుస్తకం చూసి చెబుతాను.”

“ఆట నడుస్తుండగా మీ పద్ధతి మీరు చూసుకోకూడదు. వాళ్ళు చూడొచ్చు.”

“నా పుస్తకం నేను చూడకూడదా?”

“చూడకూడదు. గుర్తు లేకపోతే గుర్తు లేదనండి. తప్పేం లేదు.” హెడ్మాస్టరుగారు మేజా మీంచి ఒక ప్రతి తెచ్చి కామాగారి ముందు పెట్టారు. “మీకు కావాలంటే చూసుకోండమ్మా.”

“అక్కర్లేదండీ” అంది ఆమె. పుస్తకం ముట్టుకోలేదు. “పాస్.”

“గుర్తు లేదు” అన్నారు వకీలుగారు గొంతులోనే. తర్వాత, ఏమైతే అయిందన్నట్టు, “మూడు నో ట్రంపు.”

అందరూ పాస్ అన్నారు. బిల్డరుగారు తన ముక్కలు బల్ల మీద పరిచేసరికి ఆరు చిన్న డైమండ్లు తప్ప అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. వదిన ఆటీన్లు ఒకదాని వెనక ఒకటి టిక్కెట్లు చింపినట్టు వేస్తూ పోయింది. వకీలుగారు పాడిన లెక్కకు నాలుగు పట్లు తక్కువ పడ్డారు.

“మూడు కళావర్లు అనాల్సింది కదండీ మీరు?” అని బిల్డరుగారు మెల్లగా అడిగారు. “నేను పుస్తకంలో ఉన్నట్టే పాడాను. మీరు మూడు నో ట్రంపనేసరికి, రాసినాయనకు తెలియదా అని ఊరుకున్నాను.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది ఆయనకు.

ఫలితాలు చదివారు. వదినా కామాగారూ పద్నాలుగు జోడీల్లో తొమ్మిదో స్థానం. వకీలుగారి జోడీది నాలుగో స్థానం. జనం కుర్చీలు జరుపుకుని టీల వైపు నడుస్తుంటే హెడ్మాస్టరుగారు ఆ నలుగురినీ తలుపు పక్కకు పిలిచారు. అక్కడ గొలుసుతో కట్టిన పెద్ద పుస్తకం ఒకటుంటుంది. రెఫరీని ఎందుకు పిలిచారు, ఎవరేమన్నారు, ఏం తేల్చారు అన్నీ అందులో రాసి నలుగురి చేతా సంతకాలు చేయిస్తారు. క్లబ్బులో ఎవరైనా తిరగేసి చూడొచ్చు.

వకీలుగారు జేబులోంచి కళ్ళజోడు తీసి చదివారు. హెడ్మాస్టరుగారి గుండ్రని అక్షరాల్లో అంతా ఉంది. చదువుతూ చదువుతూ ఒకచోట వేలు పెట్టారు.

“ఈ మాట... ‘ఇక్కడ మనం ఏం రాసుకున్నామమ్మా’ అన్నది. ‘నేను ఏం రాశాను’ అని మార్చండి. చిన్న సవరణ.”

“మీరు అన్నది ‘మనం’ అని.”

“మాట తొట్రుపాటండీ అది. అర్థం మారదు కదా!”

“మారకపోతే ఇలాగే ఉండనివ్వండి.”

“చూడండి మాస్టారూ, రేపు దీన్ని చదివినవాళ్ళు ఏమనుకుంటారు? నేను...”

“చెప్పడం అయ్యేదాకా ఆగుతాను, చెప్పండి” అన్నారు హెడ్మాస్టరుగారు. వకీలుగారు వాక్యం పూర్తి చెయ్యలేదు. “అన్నమాట అన్నట్టు రాయడం వరకే నా పని. విన్నవాళ్ళు మూడు బల్లల వాళ్ళున్నారు. పిలవమంటారా?”

వకీలుగారు కామాగారి వైపు చూశారు. ఈసారి అడగడానికి కాదు. ఏదో ఒకటి సర్దిచెప్పమని. “నువ్వైనా చెప్పమ్మా. నీకు నా సంగతి తెలుసుగా.”

“తెలుసండీ” అంది ఆమె. “మీరు అన్నది ‘మనం’ అనే. నాలుగేళ్ళలో నలుగురి ముందూ ఇవాళ ఒక్కసారే అన్నారు. దాన్ని కూడా తీసేయించకండి.”

బిల్డరుగారు ముందుగా సంతకం చేసి పక్కకు తప్పుకున్నారు. వకీలుగారు కలం పట్టుకుని ఎప్పుడూ చేసే పెద్ద సంతకం కాకుండా పొడి అక్షరాలు గీసి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచారు. మేజా మీద దొంతర సగానికి పైగా అలాగే ఉంది. అట్ట మీద పేరేమీ మారలేదు. రేపు ఇంకో క్లబ్బుకు అలాగే పోతుంది.

వదిన తన పేరు గొలుసుకట్టుగా గీకేసి కలం ఆమెకిచ్చింది.

మిగిలింది కింద కొంచెం జాగా. పొట్టి సంతకానికి సరిపోయేంత. ఆమె వంగి, ఇంటిపేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, తన పూర్తి పేరును విడివిడి అక్షరాలుగా, ఎవరు తిరగేసినా తడుముకోకుండా చదవగలిగేట్టుగా, అంచు దాటిపోతున్నా ఆపకుండా రాసింది.

“అంత పేరుందేమే నీకు!” అంది వదిన. “పద, టీ అయిపోతుంది.”